ఏం తినాలని మీ హోటల్‌కి రావాలి?

హైదరాబాద్‌లో హోటల్ పెట్టేవాడికి ఒక సుఖం ఉంది. బోర్డు మీద 'గోదావరి' అనో 'కోనసీమ' అనో రాయించి, గుమ్మం దగ్గర రెండు కొబ్బరాకు తడికెలు కట్టి, గోడ మీద పడవ బొమ్మ వేయిస్తే సగం ప్రచారం అయిపోయినట్టే. అమెరికాలో బోస్టన్ వైపు మొదలై ఊరూరా విస్తరించిన తెలుగువాళ్ల హోటల్ చెయిన్ పేరే 'గోదావరి'. రాజుగారి కోడిపులావు మెనూలో లేని ఆంధ్రా హోటల్ ఇప్పుడు ఏ దేశంలోనైనా అరుదు.

మీ కష్టం వేరు. మీరు హోటల్ పెట్టింది రాజమండ్రి దానవాయిపేటలోనో, అమలాపురం ఎర్రవంతెన దగ్గరో, తణుకు నరేంద్ర సెంటర్లోనో. ఇక్కడ 'అసలైన గోదావరి రుచులు' అని ఫ్లెక్సీ కట్టిస్తే దారినపోయేవాడు ఆగడు. ఆ రుచులు వాడింట్లో పొద్దున్నే పొయ్యెక్కాయి. చేపల పులుసు ఎంతసేపు మరగాలో, పనసపొట్టులో ఆవ ఎప్పుడు కలపాలో మీ మాస్టర్ కంటే వాళ్లమ్మకే బాగా తెలుసు. గోదావరి పేరు బయట అమ్ముడుపోతుంది, గోదావరి గట్టున అమ్ముడుపోదు. కాబట్టి డెల్టాలో హోటల్ నడిపేవాడు ప్రచారానికి రూపాయి తీసే ముందు ఒక ప్రశ్నకు జవాబు వెతుక్కోవాలి: ఇక్కడివాడు ఇంట్లో అన్నం మానుకుని, బండి తీసి, ఏం తినాలని మీ దగ్గరికి రావాలి?

జవాబు ఒక్క ఊపిరిలో చెప్పగలిగేలా ఉండాలి. 'అన్నీ బాగుంటాయండి' అన్నది జవాబు కాదు.

ఈ విద్య ఈ నేలకు కొత్తేమీ కాదు. తాపేశ్వరం అంటే మడత కాజా. ఆత్రేయపురం అంటే పూతరేకు. అంబాజీపేట అంటే పనసాకు బుట్టల్లో ఉడికిన పొట్టిక్కలు. కాకినాడ అంటే సుబ్బయ్య గారి హోటల్ భోజనం. రాజమండ్రిలో రోజ్‌మిల్క్, ఏజెన్సీ ఎక్కితే మారేడుమిల్లి బొంగు చికెన్. ఇవేవీ టీవీ ప్రకటనలతో పైకొచ్చినవి కావు. ఒక ఊరు, ఒక ఐటమ్. రెండూ కలిపి జనం నోట పడ్డాయి. 'ఎలాగూ అటు వెళ్తున్నావుగా, ఓ రెండు డబ్బాలు పట్రా' అని ఇంటి నుంచి ఫోన్ వస్తుంది చూడండి, అలాంటి ప్రచారం లక్షలు పోసినా దొరకదు. ఆత్రేయపురం పూతరేకులకు 2023లో జీఐ గుర్తింపు వచ్చింది, మంచిదే. కానీ ఆ గుర్తింపు రాకముందు కూడా రావులపాలెంలో కారు దిగినవాళ్లు పూతరేకులు కొనకుండా కదిలేవారు కాదు.

తాపేశ్వరం వాళ్లను కాస్త దగ్గరగా గమనించండి. అక్కడి సురుచి ఫుడ్స్ మల్లిబాబు కొన్నేళ్లపాటు ఖైరతాబాద్ గణపతికి వేల కిలోల లడ్డూ చేసి పంపారు. 2016 సెప్టెంబరులో 29,465 కిలోల లడ్డూతో గిన్నిస్ రికార్డు కూడా ఆ ఊరికే వచ్చింది. ఆ లడ్డూ అమ్మకానికి చేసింది కాదు. అయినా వినాయక చవితి వచ్చిందంటే పేపర్లు, టీవీలు ఆ ట్రాలీ వెంట పడేవి, 'తాపేశ్వరం' అనే మాట ప్రతి ఇంట్లో వినపడేది. లడ్డూకు పేరొచ్చింది, కాజాకు బేరం పెరిగింది. ప్రచారానికి పెట్టే ఖర్చు పదిమంది చూసి చెప్పుకునే పనికి పెట్టారు, కరపత్రాలకు పెట్టలేదు. మీ స్థాయిలో టన్నుల లడ్డూ కుదరకపోవచ్చు. మీ వీధి వినాయకుడి పందిట్లో నిమజ్జనం రోజు పులిహోర గుండిగ మీ హోటల్ నుంచి వెళ్లడం కుదురుతుంది. ఆ గుండిగ మీద మీ పేరు పెయింటు చేయించక్కర్లేదు. ఎవరు పంపారో వీధిలో అందరికీ తెలుస్తుంది.

సుబ్బయ్య గారి హోటల్ తెలివి మరో రకం. అడిగి అడిగి, కొసరి కొసరి వడ్డించడంతో పేరు తెచ్చుకున్న హోటల్ అది. కానీ వడ్డన హోటల్లో కూర్చున్నవాడికే తెలుస్తుంది, పార్సిల్ పట్టుకెళ్లేవాడికి ఎలా తెలుస్తుంది? బుట్ట భోజనం ఆ ఇబ్బంది తీర్చింది. పార్సిల్ అంటే పాలిథిన్ కవర్లో రబ్బరు బ్యాండు వేసిన సాంబారు అనుకునే కాలంలో, భోజనం మొత్తం బుట్టలో సర్ది ఇస్తే అది చేతిలో పట్టుకుని రోడ్డు మీద నడిచే ప్రతివాడూ బోర్డు మోస్తున్నట్టే. మీ పార్సిల్ ఎలా ఉందో ఒకసారి మీరే ఇంటికి పట్టుకెళ్లి విప్పి చూడండి. పులుసు కారిందా? అప్పడం మెత్తబడిందా? పచ్చడి పొట్లం ఏదో, పెరుగు పొట్లం ఏదో విప్పకుండా తెలిసిందా? మీ వంటను మీరు లేనిచోట తినేవాళ్లు ఇప్పుడు ఎక్కువైపోయారు.

సరే, మీ ఐటమ్ ఏది? మెనూ కార్డు చూసి కాకుండా మూడు నెలల బిల్లులు ముందేసుకుని తేల్చండి. ఎక్కువ అమ్ముడైంది ఏదన్నది ఒక లెక్క; తిన్నవాడు మళ్లీ వచ్చి అదే అడిగింది ఏదన్నది అసలు లెక్క. బిర్యానీ ఎప్పుడూ ఎక్కువే అమ్ముడవుతుంది, కానీ బిర్యానీ కోసం మీ దగ్గరికే రావాల్సిన పని లేదు. చింతచిగురు రొయ్యల కోసమో, దిబ్బరొట్టె కోసమో, రాత్రి చేసి పొద్దున వడ్డించే చేపల పులుసు కోసమో రావచ్చు. ఇంకో షరతు: ఆ ఐటమ్ మీ మాస్టర్ చేతిలో కాకుండా మీ చేతిలో ఉండాలి. నెలకు రెండు వేలు ఎక్కువిస్తామంటే మాస్టర్ పక్క హోటల్‌కి వెళ్లిపోతాడు, అది అతని హక్కు. అతనితోపాటు మీ పేరు కూడా వెళ్లిపోకూడదు. మసాలా పాళ్లు మీ ఇంట్లో కలిసి, కొలత గిన్నె మీ దగ్గరుంటే మాస్టర్ మారినా రుచి మారదు.

ఆ ఐటమ్‌ను వారంలో ఒక రోజుకు కట్టేస్తే ఇంకా మంచిది. డెల్టాలో తిండికి వారాలున్నాయి. ఆదివారం నీచు లేకపోతే ముద్ద దిగనివాళ్లే సోమవారం శివుడనీ, గురువారం బాబా అనీ, శనివారం వెంకన్న అనీ ముట్టరు. 'బుధవారం వాళ్ల దగ్గర పనసపొట్టు' అన్న మాట రెండు నెలలు నిలబడితే తర్వాత దాన్ని జనమే మోస్తారు. అయితే మంగళవారం అడిగినవాడికి లేదని చెప్పే ధైర్యం కావాలి. చాలామందికి అదే ఉండదు.

పులస ఉందాండీ?

వరద నీరు ఎర్రబడిందంటే డెల్టా హోటళ్లకు ఈ ఫోన్ మొదలవుతుంది. సముద్రంలోని ఇలస గుడ్లు పెట్టడానికి గోదారికి ఎదురీది పులస అవుతుంది. జూలై నుంచి సెప్టెంబరు దాకా దాని రాజ్యం. ఏటికేడాది తగ్గిపోతోంది. యానాం వేలంలో ఒక్క చేప 20 వేల రూపాయలు దాటి పలికిన రోజులున్నాయి. పుస్తెలమ్మైనా పులస తినాలన్న సామెత ఉన్న ఊళ్లలో ఈ ఫోన్‌కు మీరిచ్చే జవాబే మీ సీజన్ మొత్తాన్ని తేలుస్తుంది.

ఒకాయన ఇలా అంటాడు: 'ఉందండీ, వచ్చేయండి.' వచ్చినవాడికి ఒడిశా నుంచో బెంగాల్ నుంచో ఐస్‌లో వచ్చిన ఇలసను బెండకాయ, ఆవకాయ నూనె వేసి దించి, పులస రేటు కట్టి పంపిస్తాడు. హైదరాబాద్ నుంచి వచ్చినవాడికి తేడా తెలియకపోవచ్చు. కానీ వాడు ఒంటరిగా రాడు, వాళ్ల బావమరిదిది రాజోలు. మొదటి ముద్దకే బావమరిది ప్లేటు పక్కకు జరుపుతాడు. ఆ మాట రాజోలు దాకా వెళ్లడానికి సాయంత్రం కూడా అక్కర్లేదు.

ఇంకొకాయన అంటాడు: 'ఇవాళ పులస దిగలేదండీ. సముద్రం ఇలస ఉంది, కావాలంటే అది చేయిస్తాను, రేటు నాలుగో వంతు కూడా ఉండదు. పులస దొరికితే మీకు ఫోన్ చెయ్యమంటారా?'

'చెయ్యండి. ఈ నంబరే.'

ఆ రోజు ఆయన అమ్మిందేమీ లేదు, కానీ నంబరు వచ్చింది. పులస కోసం తానుగా ఫోన్ చేసిన మనిషి నంబరు కొన్ని వందల కరపత్రాలకు సాటి. అలాంటివి రెండు వందలు పోగైతే వాట్సాప్‌లో బ్రాడ్‌కాస్ట్ లిస్టు చెయ్యండి. ఒక్కో లిస్టులో 256 మందికే వీలు. మీ నంబరు తన ఫోన్లో సేవ్ చేసుకున్నవాడికే ఆ మెసేజ్ చేరుతుందని గుర్తుంచుకుని, నంబరు తీసుకున్నప్పుడే 'మాదీ సేవ్ చేసుకోండి సార్' అనండి. అందులో గుడ్ మార్నింగులు, దేవుడి ఫొటోలు పెట్టకండి. 'ఇవాళ పొద్దున రెండు పులసలు దిగాయి. ఎనిమిది ముక్కలు. మధ్యాహ్నం ఒంటిగంటకు' అని పదింటికల్లా చేప ఫొటోతో ఒక్క మెసేజ్ చాలు. నెలకు మూడు నాలుగు మెసేజ్‌లు మించితే మిమ్మల్ని మ్యూట్‌లో పెడతారు.

పంచాంగం చూసి వండండి

కార్తీకంలో నీచు హోటళ్లు ఈగలు తోలుకుంటాయన్నది ప్రతి ఓనరూ చెప్పేదే. అదే నెలలో పంచారామాల బస్సులు తిరుగుతాయని చాలామంది మర్చిపోతారు. అయిదు ఆరామాల్లో నాలుగు, అంటే ద్రాక్షారామం, సామర్లకోట, భీమవరం, పాలకొల్లు, ఉభయ గోదావరి నేలలోనే ఉన్నాయి. ఆర్టీసీ స్పెషల్ బస్సులు అమరావతితో కలిపి అయిదూ ఒక్కరోజులో చూపిస్తాయి. యాభై మంది భక్తులు, ఎక్కువమంది ఆడవాళ్లు, పెద్దవాళ్లు. మధ్యాహ్నం ఏ ఊళ్లో ఆగుతారో డ్రైవరు చేతిలో ఉంటుంది. వాళ్లకు మెనూ కార్డు అక్కర్లేదు. ఒకే రేటు, ఒకే భోజనం, ఉల్లి వెల్లుల్లి లేని వంట, అరగంటలో చెయ్యి కడుక్కునే ఏర్పాటు కావాలి. డిపోకు వెళ్లి ఈ నాలుగు మాటలూ చెప్పి రండి.

అంతకంటే ముందు మీ బాత్రూమ్ చూసుకోండి. ఇది నవ్వులాటకు అనడం లేదు. దూరప్రయాణంలో ఏ హోటల్ దగ్గర ఆగాలో కారులో ఉన్న ఆడవాళ్లు తేలుస్తారు, వాళ్లు బాత్రూమ్‌ను బట్టి తేలుస్తారు. గడియ పడే తలుపు, వెలిగే బల్బు, నీళ్లొచ్చే కుళాయి, సబ్బు. హైవే మీద హోటల్ పెట్టి ముందు వైపు ఏసీలకు లక్షలు పోసి, వెనక ఈ నాలుగూ లేనివాళ్లను ఎంతమందిని చూశానో. కత్తిపూడి నుంచి కాకినాడ, అమలాపురం, నరసాపురం మీదుగా పోయే 216 జాతీయ రహదారి మీద హోటల్ ఉన్నవాళ్లు 'శుభ్రమైన టాయిలెట్లు కలవు' అని వంటల పేర్ల కంటే పెద్ద అక్షరాలతో రాయించినా తప్పులేదు.

వాడపల్లి వెంకన్నను చూడండి. ఏడు శనివారాల మొక్కు పేరుతో ఆత్రేయపురం మండలంలోని ఆ గుడికి శనివారం వస్తే ఇసకేస్తే రాలనంత జనం. బొబ్బర్లంక మీదుగా గట్టు రోడ్డున వచ్చేవాళ్లు, రావులపాలెం వైపు నుంచి వచ్చేవాళ్లు. ఇందులో హోటల్ వాడికి కలిసొచ్చేది మొక్కులోనే ఉంది: వచ్చిన మనిషే ఏడు వారాలు వరసగా వస్తాడు. మొదటి శనివారం మీ ఇడ్లీ నచ్చితే మిగతా ఆరూ మీవే. అలాంటివాళ్లకు మొదటి వారమే ఏడు గళ్లున్న చిన్న కార్డు ఇచ్చి, ఏడో వారం ప్రసాదంగా చక్కెరపొంగలి మీ తరఫున పెట్టండి. డిస్కౌంటు అనకండి. మొక్కు తీర్చుకునే మనిషికి డిస్కౌంటు మాట రుచించదు, పొంగలి రుచిస్తుంది.

సంక్రాంతి సంగతి అందరికీ తెలిసిందే. భీమవరంలో లాడ్జీ గదులు ముందే అయిపోతాయి, కోడిపందేల బరుల పక్కన బిర్యానీ కొట్టాలు లేస్తాయి. మీరు కూడా బరి దగ్గరికే పరిగెత్తాలా? నా ఉద్దేశంలో అక్కర్లేదు. పండగ మూడు రోజులూ ఇళ్ల నిండా అల్లుళ్లు, మనవలు. 2022లో నరసాపురంలో కాబోయే అల్లుడికి 365 రకాలు వడ్డించిన వీడియో దేశమంతా తిరిగింది; అప్పటినుంచి ప్రతి అత్తగారికీ అదో పోటీ. ఆ రకాలన్నీ ఒక్క చేత్తో వండడం ఏ ఇల్లాలి వల్లా కాదు. గోంగూర మటన్ కిలో లెక్కన, రొయ్యల వేపుడు అరకిలో లెక్కన, బొబ్బట్లు డజను లెక్కన భోగికి వారం ముందే ఆర్డర్లు తీసుకోండి. మీ గిన్నెలో కాకుండా వాళ్ల గిన్నెలోనే పెట్టి పంపండి. ఎవరు వండారన్నది ఆ ఇంటి రహస్యం, దాన్ని కాపాడే హోటల్‌కి ఏటా ఆర్డరు ఖాయం. రేటు మాత్రం పండగ పేరు చెప్పి పెంచకండి. అమెరికా అల్లుడు మళ్లీ మూడేళ్లకు వస్తాడు, అత్తగారు వచ్చే ఆదివారమే వస్తుంది.

ఫోన్లో మీ హోటల్

గూగుల్ మ్యాప్‌లో మీ పిన్ ఎక్కడుందో కొత్తవాడి ఫోన్లోంచి చూడండి. డెల్టాలో దీనికో ప్రత్యేకమైన ప్రమాదం ఉంది. పిన్ నలభై గజాలు పక్కకు జరిగితే హోటల్ కాలవకు అవతలి గట్టున పడుతుంది. ఆకలి మీదున్న కుటుంబం ఇవతల నిలబడి మీ బోర్డు చదువుతూ ఉంటుంది, వంతెన చూస్తే రెండు కిలోమీటర్ల వెనక. పేరు తెలుగులోనూ ఇంగ్లిష్‌లోనూ, తెరిచే వేళ, సెలవు రోజు, రేట్లు కనబడేలా మెనూ ఫొటో పెట్టండి. రివ్యూల్లో ఎవరైనా తిడితే కోప్పడకండి: 'మీరు వచ్చిన రోజు మాస్టర్ సెలవండీ, ఈసారి వచ్చినప్పుడు కౌంటర్లో నన్నడగండి' అంటే చదివే పదిమందికీ మీరు కౌంటర్లో ఉంటారని తెలుస్తుంది.

రీల్స్ చేసే కుర్రాళ్లకు డబ్బివ్వాలా అని అడుగుతుంటారు. ఇవ్వండి, కానీ లెక్క చూసుకుని. రీలుకు పదివేలు అడిగాడనుకోండి. మీ ప్లేటు మీద మిగిలేది అరవై రూపాయలైతే ఆ పదివేలు రావడానికే 167 ప్లేట్లు అదనంగా అమ్మాలి. ఆ నెలలో అంత బేరం పెరిగిందా లేదా? బిల్లు దగ్గర 'మా గురించి ఎలా తెలిసిందండీ' అని అడిగి పుస్తకంలో గీత గీస్తే నెలాఖరుకు తేలిపోతుంది. ఫ్లెక్సీకీ ఇదే లెక్క. స్విగ్గీ, జొమాటోల్లో కమిషన్ బిల్లులో నాలుగో వంతు దాకా పోతుంది కాబట్టి వాటిని కొత్తవాళ్లకు మీ పేరు తెలిపే దారిగానే చూడండి. పార్సిల్ మూత మీద మీ ఫోన్ నంబరు అంటించడం మాత్రం మర్చిపోవద్దు.

రూపాయికి బిర్యానీ లాంటి ప్రారంభోత్సవాల జోలికి పోకండి. కరీంనగర్‌లో రూపాయి నోటుకు బిర్యానీ అంటే ట్రాఫిక్ ఆగి పోలీసులు రావాల్సి వచ్చింది. ఆ రోజు వచ్చినవాడు మర్నాడు అసలు రేటుకు రాడు. పైగా ఈ నేల మీద ఉచితానికి కొలమానం చాలా ఎత్తులో ఉంది. ఆకలన్నవాడికి అర్ధరాత్రైనా అన్నం పెట్టిన డొక్కా సీతమ్మ గారి పేరు పి.గన్నవరంలో అక్విడక్టుకే పెట్టుకున్నారు. ఇక్కడ జనం రూపాయి బిర్యానీని మర్యాదనుకోరు. రెండోసారి పప్పు అడిగితే సర్వర్ మొహం ఎలా పెట్టాడన్నది గుర్తుపెట్టుకుంటారు. పన్నెండున్నర నుంచి రెండున్నర దాకా గల్లాపెట్టె ఎవరికైనా అప్పగించి మీరు బల్లల మధ్య తిరగండి. 'రసం ఇంకాస్త వెయ్యమంటారాండీ' అని ఓనరే అడిగిన భోజనం ఇంటికెళ్లాక కూడా చెప్పుకుంటారు.

బార్ అండ్ రెస్టారెంట్ వాళ్లకు రెండు ముక్కలు. మందుకు ప్రకటన ఇవ్వడం చట్టం ఒప్పుకోదు, 21 ఏళ్లు నిండనివాడికి పొయ్యకూడదు. రేటులో పోటీ పడదామంటే 2024 అక్టోబరు నుంచి ప్రైవేటు షాపుల్లో 99 రూపాయలకే క్వార్టర్ దొరుకుతోంది. అమలాపురం, కాకినాడల వైపైతే యానాం పక్కనే ఉంది. సీసాతో మీరు గెలవలేరు. వంటగదితో గెలవచ్చు. కొరమీను వేపుడు బాగుంటుందని పేరొస్తే ఆ పేరును ఎంతైనా చాటుకోవచ్చు, దానికి ఏ చట్టమూ అడ్డు రాదు. ఫ్యామిలీ సెక్షన్‌కు దారి వేరుగా పెట్టండి. రాత్రి పదకొండుకు తూలుతున్నవాడి బండి తాళం తీసుకుని, నమ్మకమైన ఆటోలో ఇంటికి పంపండి. మన రోడ్లు సగం కాలవగట్లే. ఆ ఇంటి ఇల్లాలు మిమ్మల్ని మెచ్చుకోకపోవచ్చు, తిట్టడం మాత్రం మానేస్తుంది. బారు ఓనరుకు అది తక్కువ సంపాదన కాదు.

ఇక 2027 పుష్కరాలు. పన్నెండు రోజులు రాజమండ్రి, కొవ్వూరు ఘాట్ల చుట్టూ ఎంత వండినా చాలదు, బేరం కోసం ఎవరూ ప్రయత్నించక్కర్లేదు. అప్పుడు పరీక్ష మీ పాత ఖాతాదారుల దగ్గర. రోజూ మధ్యాహ్నం తినే బ్యాంకు ఉద్యోగి, క్యారేజీ కట్టించుకునే పెద్దాయన ఆ జనంలో లోపలికి రాలేరు. వాళ్ల పేర్లు ఇప్పుడే ఒక పుస్తకంలో రాసిపెట్టుకుని, ఆ పన్నెండు రోజులూ వెనక గుమ్మంలోంచి, పాత రేటుకే, పన్నెండింటికల్లా వాళ్ల క్యారేజీలు అందేలా ఒక మనిషిని ప్రత్యేకంగా పెట్టండి.